మూడు ఫైళ్ళు, ఒక అడ్డుతెర

“ఫోన్ నంబర్ చెప్పండి,” అన్నాడు కౌశిక్ తలెత్తకుండా.

ఆమె చెప్పింది. సగం చెప్పేసరికి అతని వేళ్ళు ఆమె కంటే ముందు వెళ్ళాయి. మిగతా అంకెలు అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు.

పాత కంప్యూటర్ కాసేపు గుర్రుమని ఆలోచించి తెర నింపింది. పేరు జ్ఞానప్రసూన. చిరునామా, వాళ్ళిద్దరూ ఉన్న ఈ ఇల్లే.

“ఇది జోకా?” అన్నాడు.

“ఏది జోకు?”

“ఈ నంబర్ మీకు ఎవరు ఇచ్చారు?”

“ఫోన్ కంపెనీవాళ్ళిచ్చిన్రు. ఇంకెవరిస్తరు?”

అప్పుడు తలెత్తి చూశాడు. సగం ఎత్తిన గరాజ్ తలుపు కింద, తడిసిన గొడుగు ముడుచుకుని ఒక అమ్మాయి. ఆమె వెనక అమెరికాలోని క్యారీ ఊరి నవంబరు వాన, చప్పుడు లేకుండా పైన్ చెట్ల మీద పడుతోంది.

“ఇది మా అమ్మ నంబర్,” అన్నాడు.

“మంచిగైంది. మీ అమ్మగారినే పిలవండి, అడుగుదాం. ఇద్దరికీ ఒకే నంబర్ ఎట్ల ఇస్తరు?”

పిల్లలకు లెక్కలు చెప్పే పంతులు అతను. మాట నోరు దాటేముందు ఒకసారి చూసుకునే అలవాటుంది.

“అమ్మ లేదండీ. జనవరిలో పోయింది.”

ఆమె ముఖంలో కోపం పోయింది. దాని స్థానంలో జాలి రావాలి. రాలేదు. ఆమె తన చేతిలోని ఫోన్ వైపు చూసుకుంది, అది తనది కానట్టుగా.

“అయితే ఆ ఫోన్లు…” అని ఆగిపోయింది.

“ఏ ఫోన్లు?”

“ఏం లేదు. సారీ అండి. నా పేరు స్పందన. నమ్రత అని నా రూమ్మేట్, వచ్చే ఆదివారం పెండ్లి. ఇండియా నుంచి వచ్చిన సూట్‌కేసుల్ల అన్నీ ఉన్నయి, అడ్డుతెర తప్ప. ఇక్కడ దొరుకుతదన్నరు.”

దొరుకుతుంది. పాతికేళ్ళుగా ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళకు ఏ శుభకార్యమైనా ముందు ఆ గరాజే గుర్తొచ్చేది. గుండిగలు, పీటలు, గంధం గిన్నెలు, బొమ్మల కొలువు మెట్లు, పెళ్ళి అడ్డుతెర. అన్నీ జ్ఞానప్రసూన పోగుచేసినవే. ఉచితంగా ఇచ్చేది, తోమి తెమ్మనేది. ఆమె పోయాక శనివారాలు కౌశిక్ వచ్చి కూర్చుంటున్నాడు.

ఆ కంప్యూటర్‌లో ఆమె మూడు ఫైళ్ళు పెట్టుకుంది. ఒకటి ‘మనుషులు’. ఒకటి ‘సామాన్లు’. మూడోది ‘ఇచ్చిపుచ్చుకోలు’. మూడింటినీ ఒకదానికొకటి ముడివేసింది. వేసవిలో కౌశిక్ వాటిని కొత్త లాప్‌టాప్‌లోకి మార్చబోయాడు. ‘మనుషులు కనపడటం లేదు, ఎక్కడున్నారో చూపండి’ అని తెర అదే మాట అడుగుతూ కూర్చుంది. భయపడి మళ్ళీ పాతదాంట్లోనే వదిలేశాడు.

ఇప్పుడు ఆ తెర మీద అమ్మ పేరుంది. ఎదురుగా ఈ అమ్మాయి వణుకుతోంది. అతనికి ఏం చెయ్యాలో తెలియలేదు. పేరు చెరిపి అదే గడిలో ‘స్పందన’ అని కొట్టాడు.

తెర ఒకసారి రెపరెపలాడింది. కింద వరుసలన్నీ కదిలి మళ్ళీ కుదురుకున్నాయి. అన్నిటికంటే అడుగున ఉన్న వరుస చూసి కౌశిక్ కుర్చీలో వెనక్కి జరిగాడు.

“ఏమైంది?”

“ఏం లేదు,” అన్నాడు, ఆమె అన్నట్టే. లేబుల్ ప్రింట్ చేసి, అడ్డుతెర పెట్టెకు అంటించి ఇచ్చాడు. “తడవనీకండి. చేత్తో వేసిన రంగులు. అమ్మ వేసింది.”

ఆమె పెట్టెను పసిపిల్లను పట్టుకున్నట్టు గొడుగు కిందకు చేర్చుకుని, తను తడుస్తూ కారు దాకా వెళ్ళింది. కౌశిక్ చూస్తూనే ఉన్నాడు. కారు ఎక్కేముందు ఆమె కూడా ఒకసారి వెనక్కి చూసింది. చూసింది అతన్ని కాదు, ఇంటి కిటికీల్ని.

*

అపార్ట్‌మెంట్‌లో స్పందన పెట్టె తెరిచేముందు లేబుల్ చదివింది.

అడ్డుతెర. మొదటిసారి ఇచ్చిన సంవత్సరం 2009. ఇచ్చినవారు స్పందన.

మళ్ళీ చదివింది. 2009లో ఆమె కరీంనగర్‌లో ఆరో తరగతి. అమెరికా అంటే అట్లాస్‌లో ఒక రంగు.

నమ్రతను పిలుద్దామనుకుంది. నమ్రత మెహందీవాళ్ళతో ఫోన్‌లో పోట్లాడుతోంది. కిటికీ బయట వెలుగు తగ్గింది. అప్పుడే ఫోన్ మోగింది. తెర మీద నంబర్ లేదు. ‘ప్రైవేట్’ అని మాత్రం ఉంది.

మే నెలలో ఈ నంబర్ తీసుకున్నప్పటి నుంచి ఇంతే. సందె వేళకు మోగుతుంది. ఎత్తితే ఎవరూ మాట్లాడరు. నిశ్శబ్దం కూడా కాదు అది. అవతల ఒక గది ఉన్నట్టు తెలుస్తుంది. గోడ గడియారమో ఏదో. ఒక్కోసారి కుక్కర్ విజిల్. మొదట్లో తిట్టింది. తర్వాత బతిమాలింది. ఒకరోజు ఆఫీసులో ఏడిపించి పంపితే ఇంటికొచ్చి, “ఎవరైతేంది గానీ, తిన్నరా?” అని అడిగింది. అవతల గాలి లోపలికి పీల్చిన చప్పుడై, ఫోన్ పెట్టేశారు.

“నంబర్ మార్చవే పిచ్చిదానా,” అని నమ్రత రోజూ తిడుతుంది. స్పందన మొన్ననే అప్లై చేసింది. శుక్రవారం కొత్త నంబర్ వస్తుంది.

కానీ ఇప్పుడు తెలిసింది, ఈ నంబర్ ఒక చనిపోయిన మనిషిదని. ఈవేళ ఎత్తలేదు. మోగి మోగి ఆగింది.

లేబుల్ అడుగున కౌశిక్ పేరు, సెల్ నంబర్ ఉన్నాయి. చేసింది.

“కౌశిక్‌గారూ, 2009ల నేను మీ ఊరోళ్ళకి అడ్డుతెర ఎట్ల ఇచ్చిన?”

“ఒక్క నిమిషం ఆగండి.” కుర్చీ లాగిన చప్పుడు. కంప్యూటర్ గుర్రుమంది. తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు. ఆమెకు ఇలాంటి నిశ్శబ్దాలంటే పడదు.

“హలో? మీరన్నా మాట్లాడండి!”

“స్పందనగారూ, మొత్తం మీరే ఉన్నారు.”

“అంటే?”

“నా అన్నప్రాశనకి వెండి గిన్నె మీరే ఇచ్చారు.”

“నవ్వుతున్నరా?”

“లేదు. నాకు కూడా భయంగానే ఉంది.”

ఆ ఒక్క మాటకు ఆమె భయం సగమైంది. ఎందుకో ఆమెకే తెలియదు.

“మీరు ఏం జేసిన్రో నాకు అర్థమైంది,” అంది. “నా ఉద్యోగమే డేటాబేస్. ఇంక దేన్నీ ముట్టుకోకండి. సోమవారం ఆఫీస్ అయినంక వస్త.”

“థాంక్స్. నాకు సాఫ్ట్‌వేర్ రాదు. లెక్కల పంతుల్ని.”

“క్యారీల ఉంటూ సాఫ్ట్‌వేర్ రాని తెలుగాయనా? మ్యూజియంల పెట్టాలె మిమ్మల్ని.”

*

సోమవారం వాన లేదు. తడి మాత్రం ఉంది. గరాజ్‌లో గుండిగలు వరుసగా బోర్లించి ఉన్నాయి. ట్యూబ్‌లైట్ వెలుగు వాటి మీద పడి, ఎవరో తలలు వంచి కూర్చున్నట్టు కనిపిస్తున్నాయి. స్పందన కుర్చీలో కూర్చుంది. కౌశిక్ ఒక పెళ్ళిపీట మీద కూర్చున్నాడు.

“మీ అమ్మగారు మనుషుల్ని ఫోన్ నంబర్‌తోని ముడేసిన్రు,” అంది తెర చూపిస్తూ. “పేర్లతోని ఎందుకు వేయలేదో?”

“అమ్మకి తెలిసిన లక్ష్ములే పదిమంది. అందులో ముగ్గురు భర్తల పేర్లు గోపాల్.”

ఆమె నవ్వింది. గరాజ్‌లో ఆ నవ్వు గుండిగలకు తగిలి కాస్త ఆలస్యంగా తిరిగొచ్చింది. ఇద్దరూ అటు చూశారు.

“మనిషి ఇల్లు మారినా, వీసా మారినా ఫోన్ నంబర్ మారదు అనుకున్నరు. కరెక్టే. కానీ మనిషి పోతే నంబర్ ఇంకొకరికి పోతదని అనుకోలేదు. మీరు కొత్త మనిషిని చేర్చకుండ ఉన్న మనిషి పేరు మీద నా పేరు రాసిన్రు. ముడి నంబర్‌కుంది కదా. ఆమె ఇచ్చినవన్నీ నేనిచ్చినట్టైంది.”

“ఇప్పుడు?”

“ముందు ఆమె పేరు ఆమెకిచ్చేద్దాం. తర్వాత ఒక్కొక్క మనిషికి ఒక సొంత నంబర్ ఇస్త. దానికి ఏ అర్థం ఉండొద్దు. ఎవరికీ మళ్ళ ఇయ్యొద్దు. దాంతోని కొత్తగ ముడేద్దాం.”

కౌశిక్ తెర వైపు చూస్తూ, మాట మాట ఏరుకుంటూ అన్నాడు. “అంత పని ఎందుకు? అమ్మ రికార్డ్ తీసేస్తే సరిపోతుంది కదా. ఆవిడ ఇంక ఎవరికీ ఏదీ ఇవ్వదు.”

మౌస్ అందుకున్నాడు. నొక్కబోయే లోపల ఆమె చెయ్యి అతని మణికట్టు మీద పడింది.

“ఆగండి!”

“ఏమైంది?”

“ఇక్కడ చూడండి. ‘మనిషిని తీస్తే ఆ మనిషికి ముడిపడ్డవన్నీ తీసెయ్యాలి’ అని టిక్ పెట్టి ఉన్నది. ఊరు విడిచి పోయినవాళ్ళ రికార్డులు పేరుకోకుండ మీ అమ్మగారే పెట్టుకున్నరు. తన పేరు కూడ అందులనే ఉందని యాదికి లేదేమో. ఒక్కసారి నొక్కితే పాతికేళ్ళు పోతుండె. మళ్ళ రావు.”

కౌశిక్ కదలలేదు. అతని ముఖం చూసి ఆమె గొంతు తగ్గించింది. “పోలేదు కదా. ఉన్నయి.”

అతను మౌస్ వదిలి అన్నాడు. “చెయ్యి తియ్యచ్చు. క్లిక్ చెయ్యను.”

“లెక్కల సార్లను నేను నమ్మ.”

చెయ్యి ఉండిపోయింది. బయట చీకటి పడబోతోంది.

“నాన్నతో కూడా ఇలా ఒక మనిషి కూర్చుంటే బాగుండు,” అన్నాడతను. “అమ్మ పోయినప్పటి నుంచి ఉప్పు ఇటివ్వు, తలుపు వెయ్యి. అంతే మాట్లాడతారు. ఏడవలేదు. అమ్మ పేరు కూడా అనరు. ఏం చెయ్యాలో నాకు తెలియట్లేదు.”

ఆమె ఏదో చెప్పబోయింది. బల్ల మీద ఆమె ఫోన్ మోగింది.

ప్రైవేట్.

అతని మణికట్టు మీద ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి. “ఇదే. రోజూ ఇదే వేళకు. ఎవరూ మాట్లాడరు. శుక్రవారం నంబర్ మార్చేస్తున్న, ఇగ నా వల్ల కాదు.”

“ఎత్తండి. నేనున్నాను. స్పీకర్‌లో పెట్టండి.”

ఆమె పెట్టింది. “హలో?”

ఎవరూ పలకలేదు. ఎవరిదో ఊపిరి. గడియారం. గుండిగల మధ్య ఆ చప్పుళ్ళు పెద్దవిగా వినిపించాయి.

ఇంట్లోకి వెళ్ళే తలుపు వెనక కుక్కర్ విజిల్ వేసింది. ఒక్క క్షణం ఆలస్యంగా అదే విజిల్ ఫోన్‌లోంచి వచ్చింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కౌశిక్ పెదాలు ‘నాన్న’ అన్నాయి.

మళ్ళీ విజిల్. ముందు ఇంట్లో. తర్వాత ఆమె చేతిలో.

ఆమె స్పీకర్ తీసేసి ఫోన్ చెవికి పెట్టుకుని, తలుపు తోసి లోపలికి నడిచింది. కౌశిక్ వెనకే వెళ్ళాడు. వంటింట్లో దీపం వెయ్యలేదు. స్టవ్ వెలుగులో కౌశిక్ నాన్న శేషగిరి గోడవైపు తిరిగి, ల్యాండ్‌లైన్ రిసీవర్ రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. మందుల కంపెనీలో సైంటిస్టుగా రిటైరైన మనిషి. ఇస్త్రీ చొక్కా, సన్నబడ్డ భుజాలు.

“తిన్నరా అంకుల్?” అంది స్పందన, ఫోన్‌లోకి.

రిసీవర్‌లో వినిపించిన మాట వెనక నుంచి కూడా వినిపించేసరికి ఆయన ఉలిక్కిపడి తిరిగాడు. ఆమెను చూశాడు. ఆమె చేతిలోని ఫోన్ చూశాడు. రిసీవర్ మాత్రం చెవి నుంచి తియ్యలేదు.

“మీ ఆంటీ గరాజ్‌లో కూర్చుంటే టైం తెలిసేది కాదమ్మా,” అన్నాడు చివరికి. “కుక్కర్ పెట్టాక ఇక్కణ్ణుంచి ఫోన్ చేసేవాణ్ణి, లోపలికి రా, తిందామని. తలుపు తీసి పిలిస్తే సరిపోయేది. ఇద్దరికీ అదొక వేళాకోళం. పోయాక కూడా చేశాను. కొన్నాళ్ళు తన గొంతే వచ్చేది, మెసేజ్ పెట్టమని. తర్వాత అదీ పోయింది. మే నెలలో ఒకరోజు ఎవరో హలో అన్నారు.”

“నాన్నా, ఒక్క మాట మాట్లాడచ్చు కదా. పాపం ఆ అమ్మాయి…”

“ఏం మాట్లాడనురా? రాంగ్ నంబర్ అని చెప్పనా? అది రాంగ్ నంబర్ కాదు.”

కుక్కర్ మళ్ళీ కూసింది. స్పందన వెళ్ళి స్టవ్ ఆపింది. అన్నం కాస్త అడుగంటిన వాసన.

“క్షమించు తల్లీ. భయపెట్టాను,” అన్నాడు శేషగిరి. “నంబర్ మార్చుకుంటున్నావు కదూ. తలుపు పల్చన, గరాజ్‌లోంచి వినపడింది. అది నువ్వేనని ఇప్పుడే తెలిసింది. మార్చుకో. అది నీది, నాకు హక్కు లేదు.” రిసీవర్ పెట్టేశాడు. అప్పుడు, అంతకాలం తర్వాత, కౌశిక్ వాళ్ళ నాన్న ఏడుపు విన్నాడు. “ప్రసూనా,” అన్నాడాయన గోడతో. “ప్రసూనా.”

కౌశిక్ వెళ్ళి ఆయన భుజం పట్టుకున్నాడు. స్పందన కళ్ళు తుడుచుకుని, తనే మూడు పళ్ళేలు వెతికి తీసింది.

“అంకుల్, మీ ల్యాండ్‌లైన్ నంబర్ చెప్పండి.”

“ఎందుకమ్మా?”

“నంబర్ మార్చ. కానీ ఇగ మీరు చెయ్యొద్దు, నేను చేస్త. మీరు ఎత్తి ‘హలో’ అనాలె. గట్టిగ అనాలె. గాలి పీల్చుకుంట కూసుంటే పెట్టేస్త.”

శేషగిరి తడికళ్ళతోనే నవ్వినట్టయింది. “కూర్చో. ఉప్పు ఎక్కువేమో చూడు,” అన్నాడు.

భోజనం దగ్గర ఆయన పాత సంగతులు చెప్పాడు. మధ్యలో అన్నాడు, “ఆదివారాలు మాత్రం నీకు విశ్రాంతి ఇచ్చేవాణ్ణిలే. ఆవేళ గుళ్ళో భోజనం. ఇంట్లోనే ఉండను.”

స్పందన చేతిలో ముద్ద ఆగింది. తిన్నాక, కారు దాకా వచ్చిన కౌశిక్‌తో మెల్లిగా చెప్పింది.

“ఆదివారం కూడ వస్తయి ఫోన్లు. ఒక్క ఆదివారం కూడ తప్పలేదు.”

కౌశిక్ ఇంటివైపు చూశాడు. గరాజ్‌లో లైటు తను ఆపినట్టే గుర్తు. వెలుగుతోంది.

“ఆదివారం అమ్మ అందరికీ ఫోన్లు చేసే రోజు,” అన్నాడు. “లోపలికి రా స్పందనా. ఈ చలిలో ఒక్కదానివీ… సారీ. రండి.”

“రా అన్నరు కదా, అదే ఉండనీ,” అంది.

వారమంతా ఆమె సాయంత్రాలు ఆ గరాజ్‌లోనే గడిచాయి. మనుషులందరికీ సొంత నంబర్లు వచ్చాయి. ముళ్ళు విప్పి మళ్ళీ వేసింది. జ్ఞానప్రసూన పేరు జ్ఞానప్రసూనకు వెళ్ళింది. స్పందన కొత్తగా చేరింది, అన్నిటికంటే చివర. రోజూ సందె వేళకు ఆమె గరాజ్‌లోంచి ఇంట్లోకి ఫోన్ చేసేది. “హలో!” అని శేషగిరి అరిచేది ఫోన్ లేకుండానే వినపడేది.

*

ఆదివారం నమ్రతది గోధూళి ముహూర్తం. హాల్ కిటికీల బయట ఆకాశం నీలంగా మారుతోంది. అడ్డుతెర ఒక కొస పట్టుకోవలసిన పెళ్ళికొడుకు కజిన్ ట్రాఫిక్‌లో ఉన్నాడు. పీటలు ఇవ్వడానికి వచ్చిన కౌశిక్ పురోహితుడి కంట్లో పడ్డాడు.

“బాబూ, ఆ కొస అందుకో. ఎత్తుగా పట్టుకో, ఇప్పుడే చూసుకుంటే నా మంత్రాలు దండగ.”

రెండో కొస స్పందన చేతిలో ఉంది. తెర మీద జ్ఞానప్రసూన వేసిన చిలకలు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి. ఒకవైపు నమ్రత, ఒకవైపు పెళ్ళికొడుకు. కొసల దగ్గర ఉన్న వీళ్ళిద్దరికీ మాత్రం మధ్య ఏ తెరా లేదు.

“చీర బాగుంది,” అన్నాడు కౌశిక్ గుసగుసగా.

“తెర దించుతున్నవు. ఎత్తు.”

“ఒకటి చెప్పాలి. మొదటి రోజు నీ పేరు కొట్టినప్పుడు అడుగున ఒక వరుస చూశాను. పోయేముందు అమ్మ ఈ అడ్డుతెర నా కోసం రిజర్వ్ చేసి పెట్టింది. సామాను, అడ్డుతెర. ఎవరి కోసం, కౌశిక్. తేదీ, ఖాళీ. ఇచ్చేవారు అన్న చోట తన పేరుండాలి. నీ పేరుంది.”

“అది డేటా ఎర్రర్,” అంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

“తెలుసు. నువ్వు సరిచేసినప్పుడు నీ పేరు పోయింది. నాకు బాధేసింది.”

ఆమె బొడ్లో దోపిన చిన్న సంచీలో ఫోన్ మోగింది. పల్చటి గుడ్డలోంచి వెలుగుతున్న అక్షరాలు ఇద్దరికీ కనిపించాయి. ప్రైవేట్.

ఇద్దరూ ఒకేసారి ముందు వరుసలోకి చూశారు. శేషగిరి అక్కడే ఉన్నాడు. గుప్పిట్లో తలంబ్రాలు తప్ప ఏమీ లేవు. ఇంటి తలుపులు తాళం వేసి వచ్చారు.

తలుపులన్నీ మూసిన హాల్లో అడ్డుతెర అంచు ఒకసారి మెల్లగా కదిలింది, అవతల ఎవరో వేలితో సరిచేసినట్టు.

“ఎత్తుతావా?” అన్నాడు కౌశిక్.

“ఎట్ల ఎత్తాలె? రెండు చేతుల్ల ఇది పట్టుకున్న కదా.” ఆమె ఫోన్ వైపు తలవంచి, పెద్దవాళ్ళతో మాట్లాడే గొంతుతో నెమ్మదిగా అంది. “పనిల ఉన్నం ఆంటీ. అందరం తిన్నంకనే ఇంటికి పోతం.”

ఫోన్ ఆగింది. భయం వెయ్యాలి. వెయ్యలేదు. మేళం గట్టిగా మోగింది, పురోహితుడు చెయ్యి ఎత్తాడు.

“ఆ వరుస ఇంకా ఉన్నదా?” అంది స్పందన, అతనివైపు చూడకుండా.

“ఉంది.”

“తేదీ?”

“ఖాళీగానే ఉంది.”

“తేదీ లేకపోతే ఇంకెవరన్న బుక్ చేసుకుంటరు. రేపు వచ్చి నింపుత,” అంది. “ఊఁ, ఇప్పుడు దించు.”

ఇద్దరూ కలిసి తెర దించారు.